లోపలి పట్టీ

"కారుతోందీ! ఉస్తాద్, కారుతోందీ! ఏసుపాదం కోసిన చోటే కారుతోందీ!"

ఆ కేక వీధి చివర షెడ్డులో పుట్టి, టైర్ల కొట్టు దాటి, టీ బడ్డీ దాటి నా కొట్టుదాకా వచ్చింది. దాని వెనకే లోవరాజు కూడా వచ్చాడు. చేతిలో స్పానరు. బనీను ముందుభాగం తడి. మొహం మాత్రం ఇంట్లో సంబంధం కుదిరినవాడి మొహంలా ఉంది.

అరుపులో కంగారు లేకపోలేదు. కానీ కంగారు అడుగున సంతోషం ఉంది. అది నాకే వినిపించిందంటే ఉస్తాద్‌కు వినిపించకుండా ఉంటుందా?

ఆ షెడ్డు యజమాని ఉస్తాద్ కరీముల్లా అప్పుడు నా కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కేక విని గ్లాసు కింద పెట్టలేదు. మిగిలిన రెండు గుక్కలూ తీరిగ్గా తాగాడు.

"ఎంత కారుతోంది?"

"బొట్లు బొట్లుగా ఉస్తాద్. మూత కిందనుంచి."

"బొట్లేగా. పద."

నేను కొట్టు అలాగే వదిలేసి వాళ్ల వెనక నడిచాను. మండపేట దగ్గర రైసు మిల్లుల రోడ్డులో బోల్టులూ నట్టులూ రబ్బరు ప్యాకింగులూ అమ్ముకునేవాణ్ణి నేను. చిన్నా పెద్దా అందరికీ బాబాయ్‌నే. ఆ షెడ్డులో ఏ ట్యాంకు తయారైనా నా బోల్టులే బిగిస్తారు కాబట్టి నీళ్లపరీక్ష రోజున నేనక్కడ ఉండాలి. ఉండక్కర్లేదని చెప్పినా ఉంటాను, అది వేరే సంగతి.

నీళ్లపరీక్ష అంటే ఏమిటంటారా? మిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరిని పట్టి ఉంచడానికి పెద్ద ఇనప ట్యాంకు కావాలి. పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది గానీ ఇద్దరు మనుషులు చేతులు చాచినా కౌగిలికి అందదు. అంత పెద్దదానికి ప్లేటు మందం చూస్తే మీ చిటికెన వేలంత కూడా ఉండదు. అందులో నిండా నీళ్లు పోసి, పైన చేతిపంపుతో ఇంకా ఇంకా నీళ్లు ఎక్కిస్తారు. మిల్లులో ఒత్తిడి చూపించే మీటరు ముల్లు నాలుగు దగ్గర ఉంటే చాలు. ఇక్కడ మాత్రం ఆరుదాకా తీసుకెళ్లి గంటసేపు నిలబెడతారు. ఆవిరితోనే చూడొచ్చుగా అని నేను వెనకటికి ఉస్తాద్‌ను అడిగాను. "నీళ్లతో పగిలితే పక్కన నిలబడ్డవాడికే దెబ్బ బాబాయ్. ఆవిరితో పగిలితే షెడ్డే ఉండదు" అన్నాడు.

మేం వెళ్లేసరికి ట్యాంకు పక్కన ఏసుపాదం నిలబడి ఉన్నాడు. ఉస్తాద్‌కు ఇద్దరే శిష్యులు. లోవరాజు పదకొండేళ్లనుంచీ ఉన్నాడు. ఏసుపాదం వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు వాడు రోడ్డు పనుల దగ్గర తారుపీపాలు కోసి రేకులు చేసేవాడు. మిల్లు గుమస్తా పట్టాభి కూడా గొడుగు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"ఏవండీ, ఇదేంటండీ?" అన్నాడు పట్టాభి. "మాకు ఈ ట్యాంకు పక్కనే ఇరవైమంది ఆడమనుషులు వడ్లు ఎత్తుతారండి. తేడా ఉంటే ఇప్పుడే చెప్పేయండి, ఆయ్."

ఉస్తాద్ నోరు తెరిచేలోపే లోవరాజు అందుకున్నాడు.

"తారుపీపాలు కోసుకునే చేతికి ఆవిరి ట్యాంకు ఇస్తే ఇంతేనండి గుమస్తాగారూ. చెయ్యి దాని బుద్ధి పోనిచ్చుకుంటుందా?"

ఏసుపాదం మొహం నల్లబడింది. లోవరాజు వంక చూడలేదు. ఉస్తాద్ వంక చూశాడు, ఏమైనా అంటాడేమోనని. ఉస్తాద్ మూత దగ్గర వంగి చూస్తూనే ఉన్నాడు. ఏసుపాదం మెళ్లో నల్లద్దాలు తీసి మేకుకు తగిలించి, చెప్పులేసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ వేలితో మూత అంచు తడిమాడు. స్పానరు తీసుకుని కింద రెండు బోల్టులు సగం చుట్టు బిగించాడు. బొట్లు ఆగిపోయాయి.

"ప్యాకింగు సర్దుకోలేదు. అంతే" అన్నాడు.

లోవరాజు మొహంలో దీపం ఆరిపోయింది.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ కుర్రాడి కడుపుమంట సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అందదు.

ట్యాంకుకు బెజ్జాలు తప్పవు. గొట్టాలకో బెజ్జం, మనిషి లోపలికి దూరి శుభ్రం చేయడానికో పెద్ద బెజ్జం, దానికి బోల్టులతో బిగించే మూత. ఆ పెద్దదాన్ని కోడిగుడ్డు ఆకారంలో కోస్తారు. ఎక్కడ కొయ్యాలో ముందు సుద్దతో గీత గీయాలి. ఆ షెడ్డులో సుద్ద పట్టుకోవడమంటే పెళ్లిలో తాళిబొట్టు పళ్లెం పట్టుకోవడం లాంటిది. పదకొండేళ్లలో ఆరేళ్లు ఉస్తాద్ గీస్తే చూశాడు లోవరాజు. తర్వాత ఐదేళ్లు తనే గీశాడు. ఈ ట్యాంకుకు వచ్చేసరికి ఉస్తాద్ సుద్ద తీసి ఏసుపాదం చేతిలో పెట్టాడు.

"నువ్వు గీసి, నువ్వే కొయ్యి. లోవా, బెజ్జం చుట్టూ ఇనప పట్టీలు నువ్వు వెయ్యి."

ఆ సాయంత్రం లోవరాజు నా కొట్టుకు వచ్చి గంటసేపు వాషర్లు లెక్కపెట్టాడు. ఒక్కటీ కొనలేదు.

"పదకొండేళ్లు బాబాయ్. పదకొండేళ్ల తర్వాత పట్టీలు వెయ్యమన్నాడు."

"పట్టీ మాత్రం పని కాదేంట్రా?"

"వాడికి టీ కూడా ముందు పోస్తున్నాడు. నిన్నా పోశాడు, మొన్నా పోశాడు."

"వాడు కెటిల్ పక్కన కూర్చుంటే వాడికే ముందు పోస్తాడు."

"కూర్చోమన్నదెవరు?"

ఇలా ఉండేది వరస. ఏసుపాదం వేసిన అతుకులను మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు టార్చిలైటు పెట్టి వెతికేవాడు. ఎక్కడైనా చిన్న గుంట కనిపిస్తే ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. కనిపించకపోతే కడుపునొప్పి అనేవాడు. నేను నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు వాడి మొహం చూస్తే నవ్వొచ్చేది కాదు.

అన్నిటికంటే వాణ్ణి కోసింది సిమెంటు సంచి కాగితం.

ఏసుపాదానికి ప్రశ్నలెక్కువ. గుడ్డు ఆకారపు బెజ్జాన్ని ఉస్తాద్ నిలువుగా పెట్టమన్నాడు. పడుకోబెడితే మనిషి దూరడం సులువు కదా అని వీడు అడిగాడు. అప్పుడు మేమంతా బజ్జీలు తింటున్నాం. ఉస్తాద్ తన పొట్లంలో గాటు పెట్టని మిరపకాయ ఒకటి వెతికి పైకెత్తాడు. నూనెలో పేలి పగిలి ఉంది.

"ఎటు పగిలింది?"

"పొడుగ్గా ఉస్తాద్."

"ట్యాంకూ అటే పగులుతుంది. అటే పొడుగ్గా బెజ్జం పెట్టి దారి చూపిస్తావా?"

"లేదు ఉస్తాద్. మరి బెజ్జం ఎటు పెట్టినా ప్లేటు బలం తగ్గుతుందిగా?"

ఉస్తాద్ సిమెంటు సంచి నుంచి జానెడు వెడల్పు కాగితం చింపి, నడుమ కత్తెరతో బెజ్జం చేసి, ఒక కొన వాడికిచ్చాడు. ఒక కొన తను పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. పర్రుమంది.

"ఎక్కడ చిరిగింది?"

"బెజ్జం అంచున."

"బెజ్జానికేమైంది?"

ఏసుపాదం నవ్వాడు. "దానికేమవుతుంది ఉస్తాద్? అక్కడ ఏమీ లేదుగా." ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "లేనివాడు మొయ్యడు. వాడి వంతు కూడా అంచు మీదే పడింది."

ఉస్తాద్ వాడి మెడమీద అరచేత్తో ఒకసారి తట్టాడు. "కోసి తీసినంత ఇనుము చుట్టూ పెట్టు. సగం బయట పట్టీ, సగం లోపల పట్టీ" అన్నాడు.

ఇదంతా లోవరాజు పక్కన కూర్చుని బజ్జీ నములుతూ చూశాడు. నమలడం ఆపేసి చాలాసేపు చూశాడు.

"నాకు పదకొండేళ్లలో ఒక్కసారీ కాగితం చింపి చూపించలేదు బాబాయ్" అన్నాడు ఆ రోజు. "నేను చెంపదెబ్బలతో నేర్చుకున్నాను."

"నువ్వు ఎప్పుడన్నా అడిగావా?"

"అడిగితే నాకు తెలీదనుకుంటాడుగా" అన్నాడు.

మరి పట్టీ సంగతి. ఇది నాకు తర్వాత లోవరాజు నోటితోనే తెలిసింది. కానీ దాచిపెట్టి చివర్లో చెప్పడం నాకు చేతకాదు, ఇక్కడే చెప్పేస్తాను. బయటి పట్టీని వాడు ముత్యాల్లా అతికాడు. లోపలి పట్టీ వెయ్యనే లేదు. రెండు ముక్కలుగా కోసి లోపలికి దింపాల్సిన ఆ పట్టీని గోనెసంచుల కింద దాచేశాడు. లోపలంతా చీకటి. మూత బిగించింది కూడా తనే. ఎవరు చూస్తారు?

ఎవర్నీ చంపాలని కాదు, పాపం. వాడి లెక్క వాడికుంది. పరీక్షలో ఆ బెజ్జం దగ్గర ప్లేటు కాస్త ఉబ్బుతుంది. ఏసుపాదం గీత తప్పని అందరూ అంటారు. నీళ్లు వదిలేసి, తనే లోపలికి దిగి పట్టీ వేసి, ట్యాంకును నిలబెడతాడు. సుద్ద మళ్లీ తన చేతికి వస్తుంది. అందుకే మూత కింద బొట్టు కనబడగానే వీధంతా వినపడేలా అరిచాడు.

బోల్టులు బిగిస్తే బొట్టు ఆగింది. పాదం వెళ్లిపోయాడు. లోపలి పట్టీ మాత్రం గోనెసంచుల కిందే ఉంది.

ఉస్తాద్ చేతులు గుడ్డకు తుడుచుకుని, ప్రతి పరీక్షకూ అడిగే మాటే అడిగాడు.

"లోపలి పట్టీ వేశావుగా లోవా?"

లోవరాజు చేతిలో స్పానరు అటూ ఇటూ తిప్పాడు. పట్టాభి గొడుగు కింద నిలబడి వింటున్నాడు.

"వేశాను ఉస్తాద్."

"సరే."

అంతే. ఇంకో మాట అడగలేదు. స్టూలు లాక్కొచ్చి మూతకు దగ్గరగా వేసుకున్నాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వీపు మూతకు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"కొట్టు పంపు."

"అక్కడెందుకు ఉస్తాద్? ఇటు రండి, నీడలోకి."

"ఎండ మండిపోతోంది. నీళ్లున్న ట్యాంకు, వీపుకు చల్లగా ఉంది."

"ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చోరుగా."

"పట్టీ వేశానన్నావుగా" అన్నాడు ఉస్తాద్. "కొట్టు."

లోవరాజు పంపు పట్టుకున్నాడు. నేను ముల్లు చూస్తూ నిలబడ్డాను. ముల్లు చదివి చెప్పడం నా పని అని ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

"ఒకటి" అన్నాను. "ఒకటిన్నర."

పంపు కిర్రు కిర్రుమంటోంది. ట్యాంకు లోపల ఎక్కడో టిక్కుమంది. ఇనుము సర్దుకునేటప్పుడు అలా అంటుంది, కొత్తేమీ కాదు. లోవరాజు మాత్రం ఉలిక్కిపడ్డాడు.

"రెండు. రెండున్నర."

ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మెడమీద నరాలు తాడులా తేలి ఉంటాయి. తల వెనక్కి వాల్చి మూతకే ఆనించాడు.

"మూడు."

పంపు నెమ్మదించింది. ఒక దెబ్బ కొట్టి ఆగుతున్నాడు, ఇంకో దెబ్బ కొట్టి ఆగుతున్నాడు. వాడి మోచేతుల నుంచి చెమట పంపు పిడి మీదికి కారుతోంది.

"అలిసిపోయావా లోవా?" అన్నాడు ఉస్తాద్ కళ్లు తెరవకుండా.

"లేదు ఉస్తాద్."

"కొట్టు మరి."

"మూడున్నర" అన్నాను నేను.

మళ్లీ టిక్కుమంది. ఈసారి మూత వైపునుంచి.

లోవరాజు పంపు వదిలేశాడు.

"లేవండి ఉస్తాద్."

"ఇంకా రెండున్నర ఉంది."

"లేవండి."

"ఎందుకు?"

"లేవమంటున్నానుగా! లేవండీ!" వాడు పరుగెత్తి ఉస్తాద్ చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ఉస్తాద్ బరువైన మనిషి. కదల్లేదు. లోవరాజు అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"వెయ్యలేదు" అన్నాడు. "లోపల వెయ్యలేదు ఉస్తాద్."

పట్టాభి గొడుగు మూసేశాడు. ఎందుకు మూశాడో వాడికీ తెలీదు.

ఉస్తాద్ నెమ్మదిగా లేచాడు. తిట్టలేదు. వీపు దులుపుకుని, వెళ్లి కింద వాల్వు తిప్పాడు. నీళ్లు కాలువలా నేలమీదికి వచ్చాయి. మా అందరి పాదాలూ తడిశాయి.

సరిగ్గా అప్పుడే ఖైరున్‌బీ రిక్షా దిగింది. ఉస్తాద్ భార్య. ఒక చేతిలో బగారన్నం గిన్నె, ఇంకో చేతిలో దాల్చా గిన్నె. ఆ షెడ్డులో పరీక్ష రోజున ఒక పద్ధతి ఉంది. ట్యాంకు నిలిచేదాకా గిన్నె మూత తియ్యరు. తీసినప్పుడు ఆ ట్యాంకు మీద చెయ్యి వేసినవాళ్లంతా కూర్చుని ఉండాలి. ఒక్కడు తక్కువైనా మూత తియ్యదు ఆవిడ. ఓసారి ఉస్తాద్‌నే మధ్యాహ్నమంతా ఆకలితో కూర్చోబెట్టింది.

ఆవిడ నేలమీద నీళ్లు చూసింది. మనుషులను లెక్కపెట్టింది.

"పాదం ఏడీ?"

లోవరాజు లేచి నా దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, మోపెడ్ తియ్యి."

ఏసుపాదం లాకుల దగ్గర కాలువగట్టు మీద కూర్చుని ఉన్నాడు. సైకిలు గడ్డిలో పడి ఉంది. మమ్మల్ని చూసి మొహం నీళ్ల వైపు తిప్పుకున్నాడు.

"పాదం, రా. లోపలి పట్టీ వెయ్యాలి."

"నువ్వు వేశావుగా అన్నా?"

"వెయ్యలేదు."

కాలువ మీద పడవ ఒకటి పోతోంది. ఏసుపాదం అది లాకులు దాటేదాకా చూశాడు.

"నా గీతలో తప్పేమన్నా ఉందా?" అన్నాడు ఏసుపాదం.

"లేదు."

"కోతలో?"

"లేదురా. వెతికాను. టార్చిలైటు పెట్టి మరీ వెతికాను. ఏమీ లేదు. అదే కదా నా ఏడుపు!"

ఏసుపాదం లేచాడు. లోవరాజు మొహంలోకి మొహం పెట్టి చూశాడు. చేతులు పిడికిళ్లయ్యాయి. నేను మోపెడ్ స్టాండు వేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను.

"నిన్ను కొట్టాలనుంది అన్నా."

"కొట్టు."

"ఆ ట్యాంకు నా పేరు మీద పగిలేది. అక్కడ ఆడాళ్లు... మా పిన్ని కూడా ఆ మిల్లుకే పోతుంది, తెలుసా నీకు?"

లోవరాజుకు తెలీదు. వాడి మొహం చూస్తే తెలిసింది.

ఏసుపాదం పిడికిలి అలాగే పట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి సైకిలు లేపాడు.

"ముందు పట్టీ" అన్నాడు. "కొట్టే సంగతి తర్వాత చూస్తాను. మర్చిపోతాననుకోకు."

"అనుకోను."

వచ్చేటప్పుడు లోవరాజు నా మోపెడ్ ఎక్కలేదు. సైకిలు పక్కన నడుస్తూ వచ్చాడు.

నీళ్లన్నీ పోయాక మూత విప్పారు. లోపల తుడిచి, గ్యాసు మంటతో ఆరబెట్టారు. గోనెసంచుల కిందనుంచి పట్టీ ముక్కలు రెండూ లోవరాజే తీసుకొచ్చాడు. ఎవరు లోపలికి దిగాలన్న మాటే రాలేదు. లోవరాజు దిగాడు. ఏసుపాదం బెజ్జం దగ్గర కూర్చుని లైటు పట్టుకున్నాడు, గాలి పంకా సరిచూశాడు. లోపలినుంచి నిప్పురవ్వల వెలుగు, పొగ, మధ్యమధ్యలో మాటలు.

"ఎడమకు పట్టు."

"పట్టాను."

"అంచు కలిసిందా చూడు."

"ఇంకో నూలువాసి జరగాలి అన్నా. ఆఁ, అక్కడ."

పట్టాభి వెళ్లి మిల్లులో చెప్పి మళ్లీ వచ్చాడు. ఖైరున్‌బీ గిన్నెలను గోడ నీడలో పెట్టి, పక్కన కూర్చుని తస్బీ మాల తిప్పుకుంటోంది. నేను రెండుసార్లు గిన్నె వైపు చూశాను. రెండుసార్లూ ఆవిడ నా వైపు చూసింది.

మూత మళ్లీ బిగించి, నీళ్లు నింపేసరికి పొద్దు షెడ్డు వెనక్కి వాలింది.

ఉస్తాద్ స్టూలు జరుపుకున్నాడు. పొద్దుట కూర్చున్న చోటే కూర్చున్నాడు. కళ్లజోడు జేబులో, వీపు మూతకు.

"వేశావా లోవా?"

"వేశాను ఉస్తాద్."

ఉస్తాద్ చూస్తానని ఈసారి కూడా అనలేదు. ఏసుపాదం వైపు చూసి నిజమేనా అని కూడా అడగలేదు.

"కొట్టు."

లోవరాజు కొట్టాడు. రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర పట్టాభి ఊపిరి బిగబట్టాడు. ఐదు. ఐదున్నర. ఇనుము ఒకసారి టిక్కుమని ఊరుకుంది. ఆరు.

పంపు ఆపి, వాల్వు మూసి, గంట చూసుకున్నాం. ముల్లు ఆరు మీద గోరుతో అంటించినట్టు నిలబడింది. ఎక్కడా తడి లేదు. ఏసుపాదం ట్యాంకు చుట్టూ పొడిగుడ్డ పట్టుకుని తిరుగుతున్నాడు.

లోవరాజు ఉస్తాద్ ముందు నేలమీద కూర్చున్నాడు. చాలాసేపు గోళ్లలో మసి తీసుకున్నాడు.

"ఉస్తాద్, ఒకటి అడగనా?"

"అడుగు."

"సుద్ద వాడికెందుకిచ్చారు?"

ఉస్తాద్ కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"గీసేవాడికి సుద్ద ఇచ్చాను. పట్టీ వేసేవాడికి వీపు ఇచ్చాను."

లోవరాజు ఉస్తాద్ వీపు వైపు, ఆ వీపు వెనకున్న మూత వైపు చూశాడు. లేచి ముల్లు దగ్గరికి వెళ్లాడు. అక్కడ మా అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. గంట పూర్తయ్యేదాకా ఇటు తిరగలేదు. భుజాలు మాత్రం ఒకటి రెండుసార్లు కదిలాయి. ఏసుపాదం గుడ్డతో ట్యాంకు తుడుస్తూ అటు వెళ్లి, పొడిగా ఉన్న చోటునే మళ్లీ మళ్లీ తుడుస్తూ వాడి పక్కన నిలబడ్డాడు.

"గంటయింది" అన్నాను నేను.

ఖైరున్‌బీ తస్బీ కళ్లకద్దుకుని చాప పరిచింది. "అన్నం చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసేది లేదు. రండి, రండి. గుమస్తాగారూ, మీరూ రండి. ఆ గొడుగు అక్కడ పెట్టండి."

"నేను ట్యాంకు మీద చెయ్యి వెయ్యలేదండి" అన్నాడు పట్టాభి.

"అయితే వచ్చి వేసి కూర్చోండి."

పట్టాభి నిజంగానే వెళ్లి ట్యాంకును అరచేత్తో తాకి వచ్చి చాప చివర సర్దుకున్నాడు. ఉస్తాద్ కూర్చున్నాడు. ఏసుపాదం చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నేనెలాగూ కూర్చునే ఉన్నాను. లోవరాజు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుంటున్నాడు.

ఆవిడ గిన్నె మూత మీద చెయ్యి పెట్టి వాడికేసే చూస్తోంది.

ఏసుపాదం కాస్త పక్కకు జరిగాడు.

లోవరాజు వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఆవిడ మూత తీసింది.